జీతం ఒకరికి, పని ఇంటిల్లిపాదికీ

స్కాట్లాండ్ గుట్టల మీద గ్రౌస్ పిట్టల వేట మొదలయ్యేది ఆగస్టు 12న. విక్టోరియా రాణి 1848లో అక్కడి బాల్మొరల్‌కు వెళ్లడం, 1852లో ఆమె భర్త ఆల్బర్ట్ ఆ ఎస్టేటు కొనడంతో డబ్బున్నవాళ్లకు ఆ కొండల మీద మోజు ముదిరింది. 1863కల్లా పెర్త్ నుంచి ఇన్వర్నెస్ వైపు రైలు దారి కూడా పడింది. దొరలొచ్చి తుపాకులు పేల్చేది కొన్ని వారాలే. వాటి కోసం ఏడాది పొడుగునా పాటుపడేది గేమ్‌కీపర్, అంటే ఎస్టేటులో వేట జంతువుల కాపరి. అతనితో పాటు పెళ్లాం, పిల్లలూను.

కీపర్ పనితనం చూడాలంటే నిప్పు దగ్గర చూడాలి. గ్రౌస్ బతుకంతా హెదర్ అనే పొట్టి పొదల్లోనే. తినడానికి లేత చిగురు కావాలి. గూడు పెట్టుకోవడానికి, డేగ కంట పడకుండా నక్కడానికి ముదురు పొద కావాలి. రెండూ పక్కపక్కనే ఉండాలి. అందుకే గుట్టనంతా ఒకేసారి తగలబెట్టరు. చలి తగ్గుముఖం పడుతుండగా సన్నటి పట్టీలుగా కాలుస్తారు. పైన కొమ్మ ఎండి, కింద నేల ఇంకా తడిగా ఉన్న రోజు చూసుకోవాలి. నేల కూడా ఎండిందా, మంట అడుగునున్న పీట్ మట్టిలోకి దిగి రోజుల తరబడి లోలోపలే రాజుకుంటుంది. గాలి మళ్లి మంట పట్టీ దాటబోతే చీపురు కట్టలతో బాది ఆర్పాలి. కొన్నేళ్లు ఇలా కాల్చాక దూరం నుంచి చూస్తే కొండ మీద అతుకుల బొంత పరిచినట్టుంటుంది.

ఇల్లాలిది వేరే విద్య. ఫెజెంట్ పక్షుల్ని పెంచే ఎస్టేట్లలో వాటి గుడ్లను కోళ్ల కింద పొదగేసేవాళ్లు. కోడి కింద బాతుగుడ్లు పెట్టిన మనవాళ్లకు ఇది కొత్తేం కాదు. అయితే కోడి తన గుడ్ల మీద కూర్చునేది 21 రోజులు, ఫెజెంట్ గుడ్లకు పట్టేది దాదాపు 24. ఆ మిగిలిన రోజుల్లో అది విసిగి లేచిపోకూడదు. రోజూ ఒకే వేళకు లేపి, కాలికి తాడేసి, గూటం దగ్గర మేతా నీళ్లూ పెట్టి, గుడ్లు చల్లారకముందే మళ్లీ కూర్చోబెట్టాలి. పిల్లలయ్యాక వాటికి తొలి మేత, చిదిమిన ఉడికిన కోడిగుడ్డు! కోడి రెక్కల కింద పెరిగిన ఆ పిట్ట తుపాకీ గుండుకే పోతుందని ఆమెకు తెలుసు.



ఇవన్నీ మెచ్చుకోదగ్గ నేర్పులే. కానీ బోనులు, విషం మాత్రం మెచ్చుకోలేను. గ్రౌస్‌ను తింటుందన్న అనుమానమే చాలు, గద్దలను, అడవిపిల్లులను చంపి కంచెకు వేలాడదీసేవాళ్లు. 19వ శతాబ్దం చివరికి స్కాట్లాండ్‌లో ఎర్రగద్ద కనిపించకుండా పోయింది.

కీపర్ కాపురముండే ఇల్లు కూడా ఎస్టేటుదే. కొలువు పోతే సామాను బండికెక్కించాల్సిందే. కోళ్ల గూళ్లు మాత్రం పెరట్లోనే ఉండేవి, వచ్చే కీపర్ భార్య కోసం.