ఒంటరియాట, జట్టాట: కాల్పుల వీడియో ఆటలలో సమన్వయ సమస్య

నల్లగొండ, మహబూబునగరము ప్రాంతములందలి పల్లెలలో కబడ్డీ నెరుగనివారుండరు. కూతకు పోవువాడు ఒంటరి, ఎదుట నేడుగురు. పోటీ నియమముల ప్రకార మతనికి గల వ్యవధి 30 సెకండ్లు. ఆ వ్యవధిలో తనవారెవ్వరును గీత దాటి తోడుపడజాలరు. అయినను ఆ కూత అతని సొంతము కాదు. ఒకని తాకి తిరిగివచ్చెనేని, అంతకుముందు ఔటై వెలుపల గూర్చున్న తనవాడొకడు మరల బరిలోనికి వచ్చును; పట్టువడెనేని జట్టున నొకడు తగ్గును. ఒంటరి సాహసమును, జట్టు క్షేమమును ఒకే నియమమున ముడివడి యుండుట ఈ ఆటలోని విశేషము. జట్టులుగా నాడు కాల్పుల వీడియో ఆటలలో ఈ ముడి యెంతవరకు పడినదో పరిశీలించుట మా యుద్దేశము.

మన విద్యార్థులకు చిరపరిచితమైన పబ్జీ మొబైల్‌ను భారత ప్రభుత్వము 2020 సెప్టెంబరులో నిషేధించినది. 2021లో దాని స్థానమున బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా వెలువడినది. ఇందు ఒంటరిగను, ఇద్దరుగను, నలుగురుగను ఆడవచ్చును. జట్టాటలో కూలినవానిని తోడివాడు లేవనెత్తగలడు. ఒంటరియాటలో కూలుటయే మరణము. రెండు పద్ధతులును పక్కపక్కన నున్నవే కాని కలియలేదు.

2014 నాటి టైటాన్‌ఫాల్ కర్తలు వేరొక మార్గము త్రొక్కిరి. ఒంటరియాటకు సహజమైన కథను జట్టు పోరులోనే నడుప జూచిరి. పోరు సాగుచుండగా పాత్రల మాటలు రేడియోలో వినవచ్చును. కాని అప్పుడు ఆడువాని దృష్టి శత్రువుపై నుండును గాని కథపై నుండదు. అంతకు మించిన దోషమొకటి కలదు. గెలిచినను ఓడినను తరువాతి ఘట్టమదియే. చేతకు ఫలము లేనిచోట కథ అలంకారమాత్రమగును. 2016 నాటి రెండవ ఆటలో ఒంటరి కథను వేరుచేసిరి. ఆ కథ రమ్యమే. కాని అది విభజనము, సమన్వయము కాదు.

ఈ దృష్టితో చూచినచో 2008లో వాల్వ్ సంస్థ వెలువరించిన లెఫ్ట్ ఫర్ డెడ్ మేలైనదని మాకు తోచుచున్నది. ఇందు ప్రాణములతో మిగిలిన నలుగురి ప్రయాణమే కథ. ఆడువారు తక్కువైనచో మిగిలిన పాత్రలను యంత్రమే నడుపును. హంటర్ అను శత్రువు మీదికి దుమికి నేలగూల్చినచో, పడినవాడు తనంత తాను విడిపించుకొనలేడు; తోడివాడు రావలసినదే. కావున ఒంటరిగా నాడువాడును జట్టు ధర్మమునే అభ్యసించును. యంత్రము నడుపు సహచరుడు బాంబు విసరుట యెరుగడన్న లోపము లేకపోలేదు. అయినను ఇచట పరస్పరాశ్రయము మాటలలో గాక ఆట నియమములోనే యున్నది.

ఈ చర్చ సాహిత్య విమర్శకు వెలుపలిదని కొందరనవచ్చును. మేమట్లు భావింపము. భారతమున ద్రోణపర్వమందు అభిమన్యుడు వ్యూహము జొచ్చెను. వెంట రావలసినవారిని సైంధవుడు అడ్డగించెను. ఆ బాలుడొంటరియై కూలెను. ఆ కూలుట వలననే అర్జునుని ప్రతిజ్ఞ పుట్టినది. మరునాటి యుద్ధమంతయు దానివైపే తిరిగినది. ఒకని చేత పదుగురి గతిని మార్చునప్పుడే కథయు క్రీడయు ఒకటియగును. కథను పోరున కతికించుట కాదు, ఒంటరివాని గెలుపోటములకు జట్టును బాధ్యురాలిని జేయుటయే నిజమైన సమన్వయము. కూతకు పోవు పల్లె బాలుడు ఈ సూత్రమును చదువకయే యెరుగును. నేడు ఫోనులో ఆటలాడు విద్యార్థి దీనిని ప్రశ్నగా మార్చి పరిశోధనకు పూనుకొనుట యుక్తమని మా నమ్మకము.