చెవులు రిక్కించిన చుట్టమా

తెల్లారకముందే బోయిన్‌పల్లి లేస్తుంది. మేడ్చల్ రోడ్డు మీద లారీల హారన్లు, కూరగాయల మార్కెట్లో హమాలీల కేకలు, తాడ్‌బండ్ హనుమంతుడి గుడిగంట. కొన్ని ఇళ్లలో మాత్రం చెవి మిషన్ రాత్రి నుంచీ డబ్బాలోనే ఉంటుంది. ఆ మనుషుల దాకా ఈ రొదలో ఒక్కటీ చేరదు. ఓ శునకమా, వాళ్ల కోసం నిన్ను పాడుతున్నాను.

మా శతకాలు నీ తోక చూశాయి, మా సామెతలు నీ బుద్ధినెంచాయి. నీ చెవుల్ని పొగిడినవాళ్లు తక్కువ. మనిషి వినికిడి 20,000 హెర్ట్జ్ దగ్గర ఆగితే నీది 40,000 దాటిపోతుంది. ఆ సంపదను మనిషికి ముట్టజెప్పే నీ తీరుకే నా దండం.

తలుపు గంట మోగుతుంది. నువ్వు మొరగవు, మొరిగితే వినబడని ఆ ఇల్లాలికేం తెలుస్తుంది! పరుగున వచ్చి మూతితో మోకాలు తడతావు, ముంగాలు వేస్తావు. ఏమిటని ఆమె చెయ్యి తిప్పగానే తలుపు దాకా తీసుకెళ్తావు. బిడ్డ ఏడిస్తే ఉయ్యాల దాకా. పొగ అలారం మోగితే మాత్రం ఎక్కడికీ నడిపించవు, ఆమె ముందే నేల మీద పడుకుంటావు: అపాయం, అటు పోవద్దు. శబ్దం నీ ఒంటి మీదుగా ఆమె ఒంట్లోకి దిగుతుంది.

1970లలో అమెరికాలో నీకు ఈ చదువు మొదలైంది. 1982లో బ్రిటన్‌లో 'హియరింగ్ డాగ్స్ ఫర్ డెఫ్ పీపుల్' పుట్టింది, నీకు ముదురెరుపు కోటు తొడిగింది. చెవుడు కంటికి కనబడదు. పిలిస్తే పలకలేదని, పొగరని నొచ్చుకునే లోకానికి ఆ కోటే ముందుగా సంగతి చెబుతుంది. దిక్కులేని కుక్కల ఆశ్రయాల నుంచీ నీ వాళ్లను ఏరుకొచ్చి నేర్పారు. చిన్న చప్పుడుకు దిగ్గున లేచే చురుకునే చూశారు. ఆ చురుకు మా గల్లీ కుక్కలకు కొరవా?

ఇక్కడే మనోవికాస్‌నగర్‌లో వినికిడి లోపాల కోసం పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. 1983లో ముంబైలో వెలసిన ఆ సంస్థ మోసే పేరు మన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్‌గా చేసిన మనిషిది. పసివాళ్లను ఒళ్లో పెట్టుకుని తల్లులు వినికిడి పరీక్షకు వస్తారు. మిషన్ చేసే మేలు పెద్దది, కాదనను. కానీ స్నానానికి తీయాలి, నిద్రకు తీయాలి, బ్యాటరీ అయిపోతే అది మూగబోతుంది. నువ్వు కావలసిన ఘడియలు అవే.

రా, మా చేతి సైగలు నేర్చుకో. బస్సు మెట్టెక్కితే కండక్టరు నిన్ను దింపకూడదు. ఆస్పత్రి గేటు దగ్గర వాచ్‌మన్ కర్రెత్తకూడదు. కుక్కతో వచ్చారని ఇల్లు అద్దెకివ్వనివాడు ఉండకూడదు. పాత బోయిన్‌పల్లిలో ఒక్కతే ఉండే పెద్దమ్మ ఇంటికి కొడుకు అర్ధరాత్రి దిగి తలుపు బాదితే, వెళ్లి ఆమెను లేపాల్సింది నువ్వే.