తేడాల్లో దొరికిన చుట్టరికం

లిథువేనియాలో ఒక సామెత ఉంది: "దియెవస్ దావే దంతిస్, దువోస్ ఇర్ దువోనోస్." పళ్లిచ్చిన దేవుడు రొట్టె కూడా ఇస్తాడని అర్థం. నారు పోసినవాడు నీరు పోయడా అని మనం చెప్పుకునే ధైర్యమే ఇది. దాన్ని సంస్కృతంలో కూర్చి చూడండి: "దేవః అదాత్ దంతాన్, దాస్యతి ధానాః." దియెవస్ పక్కన దేవః, దంతిస్ పక్కన దంతాన్, దువోస్ పక్కన దాస్యతి వచ్చి కూర్చుంటాయి. దువోనా అంటే అక్కడ రొట్టె. ఋగ్వేదంలో ధానాః అంటే వేయించిన గింజలు, ఇంద్రుడికి పెట్టే నైవేద్యం. మనం రోజూ అనే 'ధాన్యం' దానికి దగ్గరి మాటే. మధ్యలో 'ఇర్' అనే చిన్న మాట ఒక్కటే జత లేకుండా మిగిలింది.

బాల్టిక్ సముద్రం ఒడ్డున సుమారు 30 లక్షల మంది మాట్లాడే భాషకూ మన వేదభాషకూ ఇంత దగ్గరితనం ఉందని తెలియగానే మనసు రెండు దారుల్లో పరుగెడుతుంది. లిథువేనియన్ సంస్కృతంలోంచే పుట్టిందని కొందరంటారు. అక్కడి రైతుతో సంస్కృతంలో మాట్లాడితే అర్థం చేసుకుంటాడని ఇంకొందరంటారు. ఈ రెండు మాటలూ వేదికల మీద చాలాసార్లు వినబడతాయి. రెండూ నిజం కావు. విడిపోయి ఐదారు వేల ఏళ్లయిన అక్కచెల్లెళ్లివి. వాటి తల్లి భాషలో రాసిన అక్షరం ఒక్కటి కూడా మిగల్లేదు. మరి అక్కచెల్లెళ్లని ఎలా తేల్చారు? ఆ పద్ధతి తెలిస్తే పోలిక కన్నా పద్ధతే ఎక్కువ ఆశ్చర్యపరుస్తుంది.

రెండు భాషల్లో మాటలు ఒకేలా ఉన్నంత మాత్రాన చుట్టరికం రుజువు కాదు. దేవుణ్ణి లాటిన్‌లో దెయుస్ అంటారు, ప్రాచీన గ్రీకులో థెయోస్ అంటారు. చూడగానే కవలల్లా ఉంటాయి గానీ వాటికి సంబంధమే లేదు. సంస్కృత 'దేవ'కు లాటిన్ మాట చుట్టం, గ్రీకు మాట పరాయిది. ఇక అరువు సంగతి మనకు చెప్పనక్కర్లేదు. దంతం, మధువు, అగ్ని, పుత్రుడు అన్నీ తెలుగులో ఉన్నాయి. అయితే వాటి కింద పన్ను, తేనె, నిప్పు, కొడుకు అనే మన సొంత మాటలు చెక్కుచెదరకుండా ఉన్నాయి. లిథువేనియన్‌లో అలా అడుగున మరో పొర లేదు. కొడుకును సూనుస్ అంటారు, సంస్కృతంలో సూనుః. తేనె మెదుస్, రాత్రి నక్తిస్, గొర్రె అవిస్, మగవాడు వీరస్. ఇవి పండితుల మాటలు కావు. అమ్మ పిల్లాడితో ఆడే మాటలు, సంతలో వినబడే మాటలు. ఎవరు, ఉంది, రెండు, మూడు లాంటి మాటలను ఏ భాషా అంత తేలిగ్గా అరువు తెచ్చుకోదు. సరిగ్గా అక్కడే ఈ రెండూ కలుస్తాయి: కస్ – కః, ఎస్తి (పాత రూపం) – అస్తి, దు – ద్వౌ, త్రీస్ – త్రయః.

అరువు మాటకు ఇంకో గుర్తు ఉంది. దాదాపు ఉన్న రూపంతోనే వస్తుంది. మన వ్యాకర్తలు తత్సమం అన్నది అందుకే. తోబుట్టువుల మధ్య మాత్రం తేడాలుంటాయి, ఆ తేడాలకు ఒక క్రమం ఉంటుంది. శాస్త్రమంతా ఈ ఒక్క మాట మీద నిలబడింది. సంస్కృతంలో 'శ' ఉన్నచోట లిథువేనియన్‌లో 'ష' వస్తుంది: శతమ్ – షిమ్తస్, అశ్వా – అష్వా (ఆడ గుర్రం, పాత మాట). సంస్కృతంలో 'ధ' ఉన్నచోట అక్కడ ఒత్తు లేని 'ద': ధూమః – దూమై (పొగ), మధు – మెదుస్. సంస్కృతంలో 'ఋ' ఉన్నచోట అక్కడ 'ఇర్' గానీ 'ఇల్' గానీ ఉంటుంది: మృతి – మిర్తిస్, వృకః – విల్కస్ (తోడేలు). ఒక మాటలో కుదిరి ఇంకో మాటలో కుదరకపోతే పండితులు ఊరుకోరు. ఎంతో పేరున్న అగ్ని – ఉగ్నిస్ జంటలో మొదటి అచ్చు లెక్క ప్రకారం కుదరదు. అందుకే దాని మీద ఇప్పటికీ వాదాలు నడుస్తున్నాయి. నచ్చిన జంటకైనా మినహాయింపు ఇవ్వకపోవడం ఈ శాస్త్రంలో నాకు ఎక్కువగా నచ్చిన గుణం.

ఇప్పుడు సంస్కృతం తల్లి కాదని ఎలా తెలిసిందో చూద్దాం. పంచ, చత్వారః అనే మాటలకు లిథువేనియన్‌లో పెంకి, కెతురి ఉన్నాయి. జీవః అన్న మాటకు గీవస్ ఉంది. సంస్కృతంలో చ, జ ఉన్నచోట అక్కడ క, గ. తల్లి భాషలో ఏది ఉండేది? దీనికి సాక్ష్యం సంస్కృతం కడుపులోనే ఉంది. 'కృ' ధాతువుకు లిట్ లకారంలో 'చకార' అవుతుంది. ధాతువును రెండుసార్లు పలికేటప్పుడు మొదటి 'క' కాస్తా 'చ' అయిపోతుంది. అలా అవుతుందని పాణిని సూత్రం చెప్పింది. ఎందుకవుతుందో 1870ల్లో యూరప్‌లో పలువురు పండితులు ఇంచుమించు ఒకేసారి కనిపెట్టారు. ఒకప్పుడు అక్కడ ఉన్న అచ్చు 'అ' కాదు, 'ఎ'. ఆ 'ఎ' పక్కన చేరినందుకే 'క' మెత్తబడి 'చ' అయింది. తర్వాత సంస్కృతంలో హ్రస్వ ఎ, ఒ రెండూ 'అ'లో కలిసిపోయాయి. కారణం చెరిగిపోయి ఫలితం మాత్రం మిగిలింది. లిథువేనియన్ కెతురిలో ఆ 'ఎ'నూ ఆ 'క'నూ రెండింటినీ నిలుపుకుంది. హ్రస్వ ఎకారం మన లిపిలో ఉంది కాబట్టి 'ఎస్తి' అని తెలుగులో ఇబ్బంది లేకుండా రాసుకోగలుగుతున్నాం.

అలాగని లిథువేనియనే పాతది అనడానికీ వీల్లేదు. ఒత్తులు, ఋకారం సంస్కృతంలో నిలిచాయి, అక్కడ పోయాయి. 'షిమ్తస్'లో ఉన్న మకారం 'శతమ్' నడుమ లేదు. ఒకరు పోగొట్టుకున్నది ఇంకొకరి దగ్గర దొరుకుతుంది.

శబ్దమంజరి వల్లెవేసినవారికి అసలు విందు విభక్తుల్లో ఉంది. రామః, రామౌ, రామాః అని మొదలుపెట్టి తృతీయా బహువచనం దగ్గరికి వస్తే 'రామైః' అంటాం. అలాగే తోడేళ్లతో అనాలంటే వృకైః. లిథువేనియన్‌లో దాన్ని విల్కైస్ అంటారు. ఇవాళ విల్నియస్ నగరంలో చిన్నపిల్లాడు కూడా అనే మాటే అది. మన విసర్గ చోట వాళ్లకు 'స్' వినబడుతుంది. నిజానికి మన విసర్గ వెనుక ఉన్నదీ ఆ 'స్'యే. వృకః పక్కన తత్ర వస్తే వృకస్తత్ర అని అది బయటపడుతుంది. లిథువేనియన్ వాళ్లకు ఈ 'అస్' ఎంత అవసరమంటే షేక్‌స్పియర్‌ను కూడా షెక్స్‌పీరస్ అని పిలుస్తారు. రామ శబ్దానికి డు చేర్చి రాముడు అనే మనకు ఆ పట్టింపు తెలియనిది కాదు. ద్వివచనం కూడా మొన్నమొన్నటిదాకా వాళ్ల మాండలికాల్లో బతికే ఉంది.

కుక్క అనే మాట ఇంకా గట్టి సాక్షి. సంస్కృతంలో ప్రథమా ఏకవచనం శ్వా, షష్ఠికి వస్తే శునః. శ్వన్ శబ్దం దగ్గర తడబడని విద్యార్థి ఉండడు. లిథువేనియన్‌లో ప్రథమ షువో, షష్ఠి షున్స్. అదే వంకర, అదే చోట. మాటలు అరువు తెచ్చుకోవచ్చు గానీ మాటలోని వంకరను ఎవరూ అరువు తెచ్చుకోరు. అది ఇంట్లోంచే వస్తుంది.

స్వరం సంగతి మరీ సూక్ష్మం. వేదంలో ఉదాత్తం ఏ అక్షరం మీద పడుతుందో దాన్నిబట్టి మాట నడక ఉంటుంది. లిథువేనియన్‌లో కూడా ప్రతి మాటలో ఒక అక్షరం మీద ఊనిక ఉంటుంది, విభక్తి మారితే అది చాలా మాటల్లో చోటు మారుతుంది. ఊనిక ఉన్న దీర్ఘాక్షరాన్ని రెండు రకాలుగా పలకవచ్చు. ఔక్ష్తస్ అనే మాటను ఒకలా పలికితే ఎత్తైనది, ఇంకోలా పలికితే మేడలో అంతస్తు. వృకః, విల్కస్ రెండింటిలో ఊనిక మొదటి అక్షరం మీదే ఉంటుంది. కానీ ధూమః, వీరః అనే రెండింటిలో వేదస్వరం చివరి అక్షరం మీద ఉంటే, లిథువేనియన్ దూమై, వీరస్‌లలో మొదటి అక్షరం మీద ఉంటుంది. ఇదేదో అస్తవ్యస్తం అనిపిస్తుంది. కానీ రెండింటిలోనూ మొదటి అచ్చు దీర్ఘం. ఆ దీర్ఘం వెనుక తల్లి భాషలో గొంతు నుంచి పలికే ఒక హల్లు ఉండేది. అది ఉన్నచోట ఊనికను ముందుకు లాగేసింది. భాషావేత్త హెర్మన్ హిర్ట్ 1895లో ఈ వరుసను పట్టుకున్నాడు.

ఇంత నిధి రాతలో దొరికింది కాదు. ఋగ్వేదానికి సుమారు 3,000 ఏళ్ల తర్వాత గానీ లిథువేనియన్‌లో తొలి పుస్తకం అచ్చు కాలేదు. 1547లో మార్తీనస్ మజ్విదస్ అచ్చువేయించిన క్రైస్తవ ప్రశ్నోత్తరి అది. ఆ దేశపు రాజాస్థానంలో స్లావిక్, లాటిన్, తర్వాత పోలిష్ రాజ్యమేలాయి. లిథువేనియన్ పొలాల్లో ఉండిపోయింది. మన దగ్గర పదపాఠం, క్రమం, జట, ఘనం అని కట్టుదిట్టాలు కట్టి వేదాన్ని ఒక్క స్వరం జారకుండా కాపాడారు. అక్కడ ఏ కట్టుదిట్టమూ లేదు. వ్యాకరణం పేరు కూడా వినని రైతులు నోటితో నోటికి అందించారు. ఈ మహత్తు అంత తేలిగ్గా అర్థమయ్యేది కాదు. లిథువేనియన్‌కు సాటి భాష అయిన పాత ప్రష్యన్ 18వ శతాబ్దం మొదట్లోనే అంతరించింది. కొన్ని మతగ్రంథాలూ 802 మాటల పట్టికా లాంటివే దానికి మిగిలాయి.

అందుకే 1852లో భాషావేత్త ఆగస్ట్ ష్లైఖర్ గ్రంథాలయం వదిలి తూర్పు ప్రష్యాలోని లిథువేనియన్ పల్లెలకు వెళ్లాడు. రైతుల దగ్గర కూర్చుని మాట నేర్చుకున్నాడు, పాటలు, కథలు రాసుకున్నాడు. 1856లో వ్యాకరణం, మరుసటి ఏడు పాఠ్యసంచిక వెలువరించాడు. తర్వాత 1868లో తల్లి భాషను ఊహించి అందులో గొర్రె, గుర్రాల కథ ఒకటి కూర్చాడు. దాని మొదటి మాట 'అవిస్'. ఇవాళ్టికీ లిథువేనియాలో గొర్రెను అనే మాటే. సంస్కృతం మీద పరిశోధన చేసిన ఫెర్దినాన్ ద సొస్యూర్ కూడా 1880లో అక్కడికి వెళ్లాడు. ఆ భాష స్వరాల మీద తర్వాత ఆయన రాసిన వ్యాసాలను ఇప్పటికీ చదువుతారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే రష్యా చక్రవర్తి ఏలుబడిలోని లిథువేనియాలో లాటిన్ లిపిలో లిథువేనియన్ పుస్తకం అచ్చువేయడం నేరం. 1864 నుంచి 1904 దాకా ఆ నిషేధం నడిచింది. పుస్తకాలు సరిహద్దు అవతల తిల్జిత్ లాంటి ఊళ్లలో అచ్చయ్యేవి. వాటిని మూటకట్టి రాత్రుళ్లు సరిహద్దు దాటించిన పల్లెజనాన్ని 'క్నీగ్నెషియై' అంటారు. పుస్తకాలు మోసినవాళ్లు అని అర్థం. దొరికితే జైలు, సైబీరియా. యోనస్ యబ్లోన్స్కిస్ వ్యాకరణం కూడా 1901లో మారుపేరుతో తిల్జిత్‌లోనే అచ్చయింది. యూరప్ విశ్వవిద్యాలయాలు తలమీద పెట్టుకున్న భాషను సొంతగడ్డ మీద మూటల్లో దాచుకోవాల్సి వచ్చింది. తర్వాత కాలంలో వాళ్లు 20 సంపుటాల మహానిఘంటువు పూర్తిచేసుకున్నారు, 1941 నుంచి 2002 దాకా పట్టింది.

ఈ కథలో మనకూ ఒక చోటుంది. ఫ్రాంజ్ బాప్ సంస్కృత క్రియారూపాలను గ్రీకు, లాటిన్, పారశీక, జర్మానిక్ రూపాల పక్కన పెట్టి తొలి పుస్తకం వెలువరించింది 1816లో. లిథువేనియన్ ఆయన తర్వాతి పుస్తకాల్లో చేరింది. అదే 1816లో మద్రాసులో ఎ. డి. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం అచ్చయింది. దాని పీఠికకు ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ రాసిన వ్యాసం జతచేశారు. సెయింట్ జార్జి కోట కళాశాలలో పట్టాభిరామశాస్త్రి కూర్చిన తెలుగు ధాతువుల పట్టికనూ, మచిలీపట్నం మామడి వెంకయ్య 'ఆంధ్రదీపిక'లో తత్సమం, తద్భవం, దేశ్యం అని చేసిన విభజననూ ఎల్లిస్ ముందు పెట్టుకున్నాడు. సంస్కృత ధాతువులతో పోల్చాడు, కుదరలేదు. తమిళ, కన్నడ ధాతువులతో పోల్చాడు, వరుసగా కుదిరాయి. తెలుగు సంస్కృతం బిడ్డ కాదనీ, దాని తోబుట్టువులు దక్షిణాన ఉన్నారనీ అచ్చులో తేలింది అక్కడే. వేల మైళ్ల అవతలి లిథువేనియన్‌ను సంస్కృతానికి అక్కచెల్లెలుగా నిలబెట్టిన కొలతే, వేల ఏళ్లుగా పక్కనే మెలిగిన తెలుగును వేరే ఇంటి ఆడపడుచుగా గుర్తించింది.