ఇరవై అంకెల చంపకమాల

చదరంగపు మొదటి గడిలో ఒక గింజ, రెండోదానిలో రెండు, మూడోదానిలో నాలుగు, ఇలా రెట్టిస్తూ పోతే అరవై నాలుగు గడులకూ కలిపి 18446744073709551615 గింజలవుతాయి. ఇంత సంఖ్యను అంకె పొల్లుపోకుండా చంపకమాలలో కూర్చిన పద్యం పావులూరి మల్లన పేరున మనకు దక్కింది. మహావీరాచార్యుల గణితసారసంగ్రహాన్ని తెలుగు చేసినవాడాయన. నన్నయ కాలంవాడని కొందరు, కాదని కొందరు అంటారు. ఆ తగవు మనకెందుకు? తెలుగు గణిత రచనలో ఈ పద్యానికి సాటి లేదని నా గట్టి నమ్మకం.

ఇందులోని పద్ధతి భూతసంఖ్యలది. చంద్రుడంటే ఒకటి, శరమంటే అయిదు, ఆకాశమంటే సున్న. ఒకట్ల స్థానం నుంచి ఎడమకు చదవాలి. ఒక్కో అంకెకు పది పర్యాయపదాలుంటే కూర్చడం ఎంత పని అనేవారున్నారు. మాట మార్చవచ్చు గానీ అంకెల వరుస మార్చలేం కదా! మొదటి పాదం చివర ఏడు, రెండో పాదం చివర ఎనిమిది వచ్చి పడ్డాయి. రెండు చోట్లా పాదాంతానికి గురువు కావాలి, మిగిలిన ముక్క తర్వాతి పాదంలో 'ర' ప్రాసకు అందాలి. ఏడుకు 'గిరి' అంటే కుదరదు; 'భూధర' అంటే 'భూ' ఇటు, 'ధర' అటు. ఎనిమిదికి 'కరి' చాలదు. 'కుంజర' అంటే 'కుం' ఇటు, 'జర' అటు. ఇక రెండో పాదంలో యతిస్థానాన ఆరు తగిలింది. 'ధ'కు మైత్రి కుదరాలి గనుక రసమూ ఋతువూ పనికిరావు. 'తర్క' వచ్చి కూర్చుంది. ఎంత చేయి తిరిగిన పని! పైగా తాటాకు మీద అంకె చెడితే కనిపెట్టడం కష్టం. పద్యంలో మాట చెడితే చాలాసార్లు గణమో యతో పట్టిస్తుంది.

ఈ లెక్క అల్ బిరూనీ కూడా కట్టాడు, అందులో మనవాడి గొప్పేమిటని అడగవచ్చు. నిజమే, కట్టాడు. లెక్క ఎవరిదైనా ఈ అల్లిక తెలుగుది. సంఖ్య కూడా సామాన్యమైంది కాదు. రెండును ఆరుసార్లు వరసగా వర్గం చేసి ఒకటి తీసేస్తే చాలు, ఇది వస్తుంది. ఇలా వర్గాలతో ఘాతం కట్టే దారి పింగళుడి ఛందశ్శాస్త్రంలోనే ఉంది. దీన్ని 4294967295, 4294967297 అని రెండు కారణాంకాలుగా విడదీయవచ్చు. మొదటిది 3, 5, 17, 257, 65537ల లబ్ధం. రెండోది ప్రధానసంఖ్యే అనుకున్నాడు ఫెర్మా. 1732లో ఆయిలర్ దాన్ని 641, 6700417గా చీల్చి చూపాడు.

ఇవన్నీ మల్లనకు ముందే తెలుసని డప్పు కొట్టేవారిని చూస్తే ఒళ్లు మండుతుంది. ఫోన్లలో పద్యం తిరుగుతుంది, కింద 'మన పూర్వీకుల ఘనత' అని ఒక ముక్క. గణవిభజన ఉండదు, లెక్క ఉండదు, ఒక్కోసారి అంకెలే తప్పు. గుణకారపు చిట్కాలకు వేదం పేరు తగిలించి అమ్మే సరుకు మరీ చౌక. లేని ఘనత అంటగడితే ఉన్న ఘనత మీద కూడా నమ్మకం పోతుంది. తెలుగు మాస్టారూ లెక్కల మాస్టారూ ఒక్క పీరియడ్ కలిసి తీసుకోండి. గణాలు పిల్లల చేతే విడదీయించండి, అరవై నాలుగు గడుల లెక్కా వాళ్ల చేతే కట్టించండి.