‘నిమిషానికి అరవై పదాలు’: తొలి అక్షరాస్యతా ప్రమాణాలు – తెలుగు భాషాస్వభావం

వ్యాస సంగ్రహం:
జాతీయ విద్యావిధానం-2020 పునాది అక్షరాస్యతను అత్యవసర లక్ష్యంగా ప్రకటించింది. దాని అమలుకోసం ఏర్పడిన నిపుణ్ భారత్ పఠనసామర్థ్యాన్ని తరగతివారీగా నిర్ణయించింది. ఆ ప్రమాణాలలోని ‘సరళపదం’, ‘నిమిషానికి పదాలు’ అనే రెండు భావనలు తెలుగు భాషాలిపి స్వభావానికి ఎంతవరకు అనుగుణంగా ఉన్నాయో ఈ వ్యాసం విమర్శనాత్మకంగా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: పునాది అక్షరాస్యత, నిపుణ్ భారత్, ద్విత్వాక్షరాలు, పదగణన, ధారాళ పఠనం.

1. ఉపోద్ఘాతం:
2021 జులై 5న ప్రారంభమైన నిపుణ్ భారత్, 2026-27 నాటికి మూడవ తరగతి పూర్తిచేసే ప్రతి విద్యార్థికీ చదవడం, రాయడం, ప్రాథమిక గణితం రావాలని ఆశించింది. మొదటి తరగతి పిల్లలు నాలుగైదు సరళపదాలున్న చిన్న వాక్యాలను చదవాలి. రెండవ తరగతిలో నిమిషానికి 45 నుండి 60 పదాలు, మూడవ తరగతిలో కనీసం 60 పదాలు అర్థవంతంగా చదవాలి. అర్థగ్రహణాన్ని పఠనంలో భాగంగా గుర్తించడం ఈ ప్రమాణాల గుణం. అయితే అన్ని భాషలలోనూ ‘పదం’ ఒకే పరిమాణంలో ఉంటుందన్న భావన వీటి వెనుక దాగి ఉంది.

2. ‘సరళపదం’ ఎవరికి సరళం?
తెలుగు వాచకాలలో వర్ణమాల, గుణింతాలు, ఒత్తులు అనే క్రమం చిరకాలంగా స్థిరపడింది. దీని ప్రకారం ఒత్తులేని పదమే సరళపదం. కాని తెలుగు శిశువు నోట తొలుత పలికే మాటలు అమ్మ, నాన్న, అక్క, అన్న, అత్త, అవ్వ. నిత్యం వినేవి అన్నం, పప్పు, బొమ్మ, కుక్క, పిల్లి, చెట్టు. ఇవన్నీ ద్విత్వాక్షరాలున్న పదాలే. పిల్లలకు అత్యంత పరిచితమైన పదజాలం లిపిక్రమంలో చివరకు చేరుతోంది. ‘అమ్మ’ను బొమ్మ పక్కన చూపినా, అందులోని ‘మ్మ’ పాఠంగా వచ్చేది చాలాకాలం తర్వాతే. ఈలోగా తల, వల, కల వంటి పదాలతో కూర్చిన వాక్యాలలో కథ గాని, బంధుత్వం గాని, ఇంటి వాతావరణం గాని ఇమడటం కష్టం. లిపిపరంగా సరళమైనది అర్థపరంగా నిస్సారమవుతోంది.

3. పదగణన – తెలుగు వాక్యం:
తెలుగులో విభక్తిప్రత్యయాలు, సహాయక క్రియలు, వ్యతిరేకార్థకాలు ప్రధానపదంలో కలిసిపోతాయి. ‘పాప బడికి వెళ్ళలేకపోయింది’ అన్న వాక్యంలో మూడు పదాలే ఉన్నాయి. ఇదే భావం హిందీలో ‘బచ్చీ స్కూల్ నహీ జా సకీ’ అని ఐదు పదాలవుతుంది. ఇటువంటి వాక్యాలతోనే 60 పదాల పాఠం కూర్చితే హిందీ విద్యార్థి నిమిషంలో 12 వాక్యాలు, తెలుగు విద్యార్థి 20 వాక్యాలు చదవాలి. ‘వెళ్ళలేకపోయింది’ అన్న ఒక్క పదంలోనే ఏడు అక్షరాలున్నాయి.

పదాల మధ్య ఖాళీ విషయంలోనూ తెలుగు ముద్రణలో ఏకరూపత లేదు. ‘వెళ్ళిపోయాడు’ ఒక పదమా, ‘వెళ్ళి పోయాడు’ అని రెండా? ‘పాపెక్కడికెళ్ళింది’ అని సంధి చేసి రాస్తే ఒకటి, విడదీస్తే మూడు. పాఠం కూర్చినవారి లేఖనపద్ధతిని బట్టి అదే బిడ్డ ‘చదవగలిగిన’ జాబితాలోనో, ‘వెనుకబడిన’ జాబితాలోనో చేరవచ్చు.

4. అధ్యయనాలు సూచించే మార్గం:
కన్నడ పిల్లల పఠనాభ్యాసంపై సోనాలీ నాగ్ 2007లో ప్రచురించిన అధ్యయనం, అక్షరాల సంఖ్య విస్తారంగా ఉన్న లిపిలో అక్షరజ్ఞానం పూర్తికావడానికి ఆంగ్లంకంటే ఎక్కువ కాలం పడుతుందని నిరూపించింది. నిర్మాణంలో కన్నడలిపికి అతి సన్నిహితమైన తెలుగులిపికీ ఈ పరిశీలన వర్తించే అవకాశం ఎక్కువ. వేగాన్ని కొలవడమే తప్పన్న వాదనకు మాత్రం బలం లేదు. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కొనే బిడ్డకు వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు గుర్తుండదు. కనుక కొలత అవసరమే. అది ఏ భాషకు ఆ భాషలో రూపొందాలి. 2022లో ఎన్.సి.ఇ.ఆర్.టి. 20 భాషలలో మూడవ తరగతి విద్యార్థులపై నిర్వహించిన పునాది అభ్యసన అధ్యయనం భాషలవారీగా వేర్వేరు ప్రమాణాలను నిర్ణయించి ఈ సూత్రాన్ని అంగీకరించింది. జాతీయ లక్ష్యపత్రంలోని ఉమ్మడి సంఖ్య ఈ అంగీకారానికి విరుద్ధంగా ఉంది.

5. ముగింపు:
తెలుగులో పఠనవేగాన్ని పదాలతోపాటు అక్షరాలలోనూ లెక్కించడం, పరీక్షాపాఠాలకు పదవిభజన నియమాలను ముందే స్థిరపరచడం, తరచుగా వినిపించే ద్విత్వాక్షరాలను తొలి పాఠాలలోనే పరిచయం చేయడం తక్షణ అవసరాలు. వీటికి వ్యాకర్తలు, బాలసాహితీవేత్తలు, ప్రాథమికోపాధ్యాయులు కలిసి పనిచేయాలి. భాషాస్వభావాన్ని విస్మరించిన కొలమానం తన లోపాన్ని బిడ్డ లోపంగా నమోదు చేస్తుంది. ఎనిమిదేళ్ల వయసులో ‘చదవలేని’ బిడ్డగా ముద్రపడితే, ఆ బిడ్డకు పుస్తకంపై కలిగే విముఖతను తర్వాతి తరగతులలో తొలగించడం సులభం కాదు.