ఉద్దానం ఎండ, కణం లోపలి ఆర్‌ఎన్‌ఏ

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష అంటే ఏమిటో ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ఊళ్లలో అది బీపీ, సుగర్‌లాగే ఇంటిమాట. సర్వేల ప్రకారం అక్కడి పెద్దవాళ్లలో సుమారు అయిదుగురిలో ఒకరు మూత్రపిండాల జబ్బుతో ఉన్నారు. వాళ్లలో చాలామందికి సుగర్ కూడా లేదు. తాగే నీళ్లు, పురుగుమందులు, భారలోహాలు, తోటల్లో ఎండపని... అనుమానితులు చాలామందే. దోషి ఇదీ అని మాత్రం తేలలేదు.

వీటిలో ఎండ సంగతే చూద్దాం. మధ్య అమెరికాలో చెరకు కోసే కూలీలకీ ఇలాంటి జబ్బే వస్తోంది. అక్కడ ప్రధానంగా అనుమానిస్తున్నది వేడినీ, ఒంట్లో నీరు తగ్గడాన్నీ.

వేడి తగిలితే కణంలో ఏం జరుగుతుంది? దీని ఆచూకీ కొంత కాశీలో, పండ్ల మీద ముసిరే చిన్న ఈగల్లో దొరికింది. బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో సుభాష్ లఖోటియా ఆ ఈగల క్రోమోజోముల మీద 93డి అనే చోటుని ఏళ్ల తరబడి పరిశీలించారు. 37 డిగ్రీల వేడి తగలగానే అక్కడ క్రోమోజోము ఉబ్బుతుంది, ఆర్‌ఎన్‌ఏ విపరీతంగా తయారవుతుంది. కానీ దాన్నుంచి కొత్త ప్రోటీన్ ఏదీ పుట్టడం లేదని లఖోటియా, ఆయనతో పనిచేసిన ముఖర్జీ 1982లోనే ప్రచురించారు. జన్యువంటే ప్రోటీన్‌కి నమూనా అని పాఠాలు చెబుతున్న రోజులవి. ప్రోటీన్ ఇవ్వని ఆర్‌ఎన్‌ఏకి ఇంత హడావుడి ఎందుకో చాలామందికి బోధపడలేదు. ఆ ఆర్‌ఎన్‌ఏ కేంద్రకంలో కొన్ని ప్రోటీన్లను పట్టి ఉంచుతుందనీ, వేడికి వాటి చోటు మారుతుందనీ 2000లో అదే ప్రయోగశాల చూపించింది. మనిషి కణాలు వేడెక్కినా శాటిలైట్-3 అనే ఆర్‌ఎన్‌ఏ ఇలాంటి పనే చేస్తుంది.

డీఎన్‌ఏకీ ఇలాంటి ఆర్‌ఎన్‌ఏలకీ లంకె క్రోమాటిన్. మనిషి ఒక్కో కణంలో రెండు మీటర్ల డీఎన్‌ఏ హిస్టోన్ ప్రోటీన్లకి చుట్టుకుని, కొబ్బరితాడు ఉండలా ఇరుకు చోట సర్దుకుని ఉంటుంది. బిగుతుగా చుట్టిన భాగంలోని జన్యువు పలకదు. వదులైనచోట పలుకుతుంది. ఎక్కడ బిగించాలో చెప్పేవాటిలో చిన్న ఆర్‌ఎన్‌ఏలు కూడా ఉన్నాయి. 2004లో 'సైన్స్' పత్రికలో వచ్చిన పరిశోధన దీన్ని ఈగ కంటిరంగుతో చూపించింది. ఆ రచయితల్లో హైదరాబాద్ సీసీఎంబీకి చెందిన ఉత్పల్ భద్ర ఒకరు. చిన్న ఆర్‌ఎన్‌ఏలతో పనిచేసే జన్యువులు చెడిపోతే బిగింపు సడలి, మూగబోయిన రంగు జన్యువు మళ్లీ పలికింది. ఆడవాళ్లలో రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకదాన్ని మూయించే ఎక్సిస్ట్ కూడా ప్రోటీన్ ఇవ్వని ఆర్‌ఎన్‌ఏయే.

ఇక మూత్రపిండాలు. అక్కడ బాగా పరిశోధించినది మైక్రో ఆర్‌ఎన్‌ఏ-21 అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ. అది క్రోమాటిన్ జోలికి పోకుండా, తయారైన సందేశ ఆర్‌ఎన్‌ఏలనే అణచిపెడుతుంది. దాన్ని తీసేసిన ఎలుకల్లో మూత్రపిండాలు మచ్చకట్టి గట్టిపడటం తగ్గింది. దాంతో ఆశలు పెరిగాయి. దాన్ని అడ్డుకునే లాడెమిర్సెన్ అనే మందుని ఆల్‌పోర్ట్ అనే వంశపారంపర్య మూత్రపిండాల జబ్బులో పరీక్షించారు. ఫలితం కనబడక 2022లో ఆ పరీక్ష ఆపేశారు. ఎలుకలో పనిచేసింది కదాని ఉద్దానానికి మందు సిద్ధమైనట్టు మాట్లాడటం తొందరపాటే.

ఈ ఆర్‌ఎన్‌ఏ పరిశోధనతో ఉద్దానానికి దగ్గరి ప్రయోజనం వేరేచోట ఉంది. క్రియాటినిన్ ఆలస్యంగా మేల్కొనే పరీక్ష. వడపోత శక్తి సగం దాకా పోయాక గానీ అది స్పష్టంగా పెరగదు. మూత్రంలో కణాలు వదిలే సూక్ష్మ తిత్తులుంటాయి, వాటిలో ఆర్‌ఎన్‌ఏలు ఉంటాయి. సూది గుచ్చకుండానే వాటిని కొలవొచ్చు, జబ్బుని ముందే పసిగట్టగలమేమో చూడొచ్చు. అయితే జీడితోటలో పనిచేసే మనిషి నుంచి ఒక్కసారి నమూనా తీస్తే సరిపోదు. మే నెల ఎండలోనూ, వానల్లోనూ, ఆపై ఏళ్లలోనూ అదే మనిషిని చూడాలి. ఆర్‌ఎన్‌ఏ త్వరగా చెడిపోతుంది కాబట్టి నమూనాని వెంటనే చల్లబరిచి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌కి చేర్చాలి. ఇలాంటి పనికి దగ్గరలో చోటు కావాలి. ఉద్దానం పక్కనున్న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబర్ 14న ప్రారంభమైంది. కవిటి తోటలకి అంత దగ్గరలో ఇలాంటి కేంద్రం మునుపు లేదు.