64 గళ్ల పట్టిక

పాత కారుకు కార్బ్యురేటర్ తీసేసి ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ బిగిస్తామంటే ఎవరైనా ముందు అడిగేది మైలేజ్ గురించి, తర్వాత పికప్ గురించి. రెండింటికీ నిజాయితీగా చెప్పాల్సిన జవాబు ఒకటే: పెద్దగా పెరగకపోవచ్చు. బాగా ట్యూన్ చేసిన కార్బ్యురేటర్, వేడెక్కిన ఇంజన్ మీద, చదునైన రోడ్డు మీద, ఒకే వేగంలో వెళ్తున్నప్పుడు ఇంజెక్షన్‌కు దాదాపు సమానంగానే పనిచేస్తుంది. అయినా ఈ మార్పును నేను గట్టిగా సమర్థిస్తాను. మనమే ప్రోగ్రామ్ చేసుకోగల చవక ఇంజెక్షన్, ఇంజన్ ఏ క్షణాన ఎంత పెట్రోలు అడుగుతోందో అంకెల్లో చూపిస్తుంది. ఆ అంకెల్ని చదవడం, దిద్దడం యజమాని చేతికి వస్తుంది. పాత బండిని చాలాకాలం నడుపుకోవాలనుకునేవాళ్లకు పికప్ కంటే ఇదే ఎక్కువ అవసరం.

కార్బ్యురేటర్‌ను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. లోపలికి వెళ్లే గాలి ఇరుకు గొంతులో వేగం పుంజుకుంటుంది, అక్కడ పీడనం పడిపోతుంది, ఆ లాగుడుకు ఫ్లోట్ చాంబర్‌లోని పెట్రోలు జెట్ గుండా పైకి వస్తుంది. కరెంటు లేకుండా ఇంత పని చేయడం గొప్పే. కానీ జెట్ అంటే ఇత్తడిలో తొలిచిన రంధ్రం. ఫ్యాక్టరీలో ఏదో ఒక గాలికి, ఏదో ఒక ఇంధనానికి దాని కొలత కుదిర్చారు. విశాఖ నుంచి ఘాట్ ఎక్కి 900 మీటర్ల ఎత్తున్న అరకు చేరేసరికి గాలి సాంద్రత పదో వంతుకు దగ్గరగా తగ్గుతుంది. పెట్రోలు మాత్రం అంతగా తగ్గదు. మిశ్రమం నాలుగు శాతం దాకా రిచ్ అవుతుంది, అంటే పెట్రోలు పాలు ఎక్కువవుతుంది. మే నెల ఎండలో వేడి ఇంజన్ ఆపి కాసేపు నిలబెడితే ఫ్లోట్ చాంబర్‌లో పెట్రోలు ఆవిరై, మళ్లీ స్టార్ట్ చేయడానికి తంటాలు పడాలి. ఇవి పాత ఇబ్బందులు, డ్రైవర్లు అలవాటుపడినవి. ఇప్పుడు ఇంధనమే మారింది. బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. మామూలు పెట్రోలు 1 కిలో పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఈ మిశ్రమానికి 13.5 కిలోలు చాలు. అంటే అదే గాలికి ఇంధనం ఎక్కువ పోయాలి. జెట్‌కు ఆ సంగతి తెలియదు. పద్మిని, అంబాసిడర్ కాలపు ఇంజన్ ఏడెనిమిది శాతం లీన్‌గా, అంటే ఇంధనం చాలక, నడుస్తూ వేడెక్కుతుంది. జెట్ మార్చుకోవచ్చు, కాదనను. అయితే ఏ కొలత జెట్ పెట్టాలో తేల్చడానికి మళ్లీ అంచనాయే దిక్కు.

ఇంజెక్షన్ అడిగేది వేరు. సిలిండర్లకు గాలి చేర్చే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో గాలి పీడనం ఎంత, ఆ గాలి ఎంత వేడిగా ఉంది, ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోంది? ఈ మూడూ తెలిస్తే సిలిండర్‌లోకి వెళ్లే గాలి బరువును ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలోని వాయు సమీకరణంతో లెక్కగట్టవచ్చు. బరువు తెలిస్తే పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్‌ను ఎన్ని మిల్లీసెకన్లు తెరిచి ఉంచాలో తేలుతుంది. ఇది కొత్త ఆలోచనేమీ కాదు. అమెరికాలో బెండిక్స్ కంపెనీ తయారుచేసిన ఎలక్ట్రోజెక్టర్‌ను 1958 మోడల్ క్రైస్లర్ కార్లలో పెట్టారు. అవి 35 దాకా బయటికి వచ్చాయి, చాలావాటికి తర్వాత కార్బ్యురేటర్లే బిగించారు. సూత్రంలో లోపం లేదు, ఆనాటి ఎలక్ట్రానిక్ భాగాలు ఇంజన్ పక్కన వేడికి, అదురుకు తట్టుకోలేకపోయాయి. ఆ పేటెంట్లు జర్మనీలోని బాష్ చేతికి వెళ్లాయి. 1967లో ఫోక్స్‌వ్యాగన్ 1600 కార్లలో వచ్చిన డీ-జెట్రానిక్ మానిఫోల్డ్ పీడనాన్ని కొలిచే పద్ధతితోనే పనిచేసింది. పాత కారుకు ఇంజెక్షన్ పెట్టడం దాని కాలానికి అన్యాయం చేయడమనేవాళ్లు ఈ తేదీని గమనించాలి. మన పాత కార్లలో చాలావాటి కంటే ఇంజెక్షనే వయసులో పెద్దది.

ఇంజెక్షన్ రానిదల్లా మామూలు మనిషి చేతికే. ఇంజెక్షన్‌ను నడిపే ఫ్యాక్టరీ కంట్రోల్ పెట్టె సీలు వేసి ఉండేది, అందులోని అంకెలు కంపెనీవి. రేసు కార్లకు అమ్మే ప్రోగ్రామబుల్ పెట్టెలకు వెయ్యి డాలర్లకు పైగా పెట్టాల్సి వచ్చేది. 2001లో బ్రూస్ బౌలింగ్, అల్ గ్రిపో అనే ఇద్దరు అమెరికన్లు మెగాస్క్విర్ట్ పేరుతో ఒక కిట్ తెచ్చి ఆ గోడను పడగొట్టారు. సర్క్యూట్ బోర్డు, 8 బిట్ల మైక్రోకంట్రోలర్, భాగాల జాబితా, ఎలా అతకాలో వివరించే పుస్తకం ఇచ్చారు. సోల్డరింగ్ కొనుక్కున్నవాడి పని. సెన్సార్లు, ఇంజెక్టర్లు పాత కార్ల స్క్రాప్ యార్డుల నుంచి తెచ్చుకోవచ్చు. ధర తగ్గడానికి కొంత కారణం ఆ సొంత శ్రమే. అది నేర్పిన చదువు ధర కంటే విలువైనదని నా అభిప్రాయం. ఏ రెసిస్టర్ ఎందుకుందో అతికినవాడికి తెలుస్తుంది, చెడిపోతే ఎక్కడ వెతకాలో కూడా. మెగాస్క్విర్ట్ కోడ్ వాడకానికి షరతులున్నాయి, దాన్ని దాని హార్డ్‌వేర్ మీదే నడపాలి. ఆ లోటును ఆస్ట్రేలియా నుంచి జాష్ స్టీవర్ట్ మొదలుపెట్టిన స్పీడూయినో తీర్చింది. అది ఇంజనీరింగ్ విద్యార్థులు ప్రాజెక్టులకు కొనే ఆర్డుయినో మెగా బోర్డు మీద నడుస్తుంది, కోడ్ అందరికీ బాహాటం.

తొలి మెగాస్క్విర్ట్‌కు గుండెకాయ 8 అడ్డం, 8 నిలువు గళ్ల పట్టిక. ఒకవైపు వేగం, ఒకవైపు పీడనం, ఒక్కో గడిలో ఒక అంకె. ఆ వేగం దగ్గర, ఆ పీడనం దగ్గర సిలిండర్ తన సామర్థ్యంలో ఎన్నో వంతు గాలి నింపుకుంటుందో అది చెబుతుంది. వాల్వులు అరిగిన ఇంజన్‌కు ఒక పట్టిక, కొత్తగా బోర్ చేసిన ఇంజన్‌కు మరో పట్టిక. పొగగొట్టంలో బిగించే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సార్ లేకపోతే ఈ గళ్లు నింపడం మళ్లీ చీకట్లో తడుముకోవడమే. మామూలు ఆక్సిజన్ సెన్సార్ గాలి-ఇంధన నిష్పత్తి 14.7కి ఇటు ఉన్నామో అటు ఉన్నామో మాత్రమే చెబుతుంది. వైడ్‌బ్యాండ్ 12.5 అని, 13.8 అని విడిగా చూపిస్తుంది. ఎత్తు ఎక్కుతున్నప్పుడు 13, నెమ్మదిగా పోతున్నప్పుడు 15 కావాలనుకుంటే గడి దిద్దాలి, మళ్లీ నడపాలి, మళ్లీ చూడాలి. ఇథనాల్ పెట్రోలు పోయించుకుంటే మొత్తం పట్టికను పెంచే ఒక్క అంకె మారిస్తే సరిపోతుంది. రబ్బరు గొట్టాలు, సీళ్లు మాత్రం ఎలాగూ మార్చాల్సిందే. వాటికి సాఫ్ట్‌వేర్‌లో మందు లేదు.

దారిలో బండి ఆగిపోతే కార్బ్యురేటర్‌నైతే స్క్రూడ్రైవర్‌తో విప్పి జెట్ ఊది మళ్లీ కదలొచ్చు, ఈ పెట్టెను ఏం చేస్తారని మెకానిక్‌లు అడుగుతారు. బలమైన ప్రశ్న. దీనికి పూర్తి సమాధానం నా దగ్గర లేదు. ఇంజన్ తిరుగుడును కొలిచే క్రాంక్ సెన్సార్ పోతే ఇంజన్ ఆగుతుంది, విడి సెన్సార్ డిక్కీలో ఉండాల్సిందే. కానీ కార్బ్యురేటర్ జబ్బును చేతివాటంతో కనిపెట్టే మెకానిక్‌లు తగ్గిపోతున్నారు, కార్బ్యురేటర్‌కు అసలు రిపేర్ కిట్లు దొరకడం కష్టమైపోయింది. ఇంజెక్షన్ జబ్బు లాగ్ ఫైల్‌లో రాసి ఉంటుంది. రెండో అభ్యంతరం ఇంకా గట్టిది: తెలియనివాడు తప్పు అంకె వేస్తే పిస్టన్ కరిగిపోదా? కరుగుతుంది. అధిక లోడులో లీన్‌గా నడిపితే ఏ ఇంజనూ మిగలదు. పైగా 3 బార్ల పీడనంతో పెట్రోలు గొట్టం వేడి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ పక్క నుంచి పోతుంది. ఇంజెక్షన్‌కు తగిన గొట్టం, క్లాంపు వాడనివాడు నిప్పుతో ఆడుతున్నట్టే. ఇంజన్ ఆగగానే పంపును కట్ చేసే ఏర్పాటు లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు. ఇక్కడ రాజీకి తావు లేదు.

అసలుతనం పోతుందన్న మాటకు మాత్రం నేను తలవంచుతాను, ఒక హద్దు దాకా. 2021లో మన దేశం తెచ్చిన వింటేజ్ నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, ఇంజన్‌లో గానీ బాడీలో గానీ పెద్ద మార్పులు లేకుండా అసలు రూపంలో ఉన్న బండికే ఆ గుర్తింపు దక్కుతుంది. అటువంటి కారు జోలికి పోవద్దు. నేను మాట్లాడుతున్నది రోజూ రోడ్డెక్కే ముప్పై, నలభై ఏళ్ల కార్ల గురించి. వాటికీ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుంది, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్చకూడదని. రోడ్డు భద్రత కోసం ఆ సెక్షన్ ఉండాలి. అయితే భారత్ స్టేజ్ 2 కంటే ముందు తయారైన పెట్రోలు కారుకు పొల్యూషన్ సెంటర్‌లో ఐడిల్ మీద 3 శాతం దాకా కార్బన్ మోనాక్సైడ్‌ను అనుమతిస్తూ, అంతకంటే ఎన్నో రెట్లు తక్కువ వదిలేలా దాన్ని మార్చుకున్నవాడిని తప్పుపట్టడం నాకు న్యాయంగా అనిపించదు. పొగగొట్టంలో గొట్టం పెట్టి కొలిచే యంత్రం ఆ సెంటర్‌లోనే ఉంది. ఇంధన వ్యవస్థ మార్పు వరకు ఆ యంత్రం చూపే అంకెనూ, పెట్రోలు గొట్టాల తనిఖీనీ ప్రమాణంగా తీసుకుని రవాణా శాఖ రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదు చేయవచ్చు. సీఎన్‌జీ కిట్ బిగించిన కార్లకు తనిఖీ చేసి నమోదు చేసే పద్ధతి ఎలాగూ ఉంది.